వేసవి పెరడు – పెద్దల పెత్తనము

చరిత్ర యనగానే రాజుల పేర్లును, యుద్ధములు జరిగిన సంవత్సరములును జ్ఞప్తికి వచ్చుట లోకమునకు అలవాటైపోయినది. ప్రజలు ఏమి తినిరి, ఎట్టి యిండ్లలో కాపురముండిరి, ఎండలు మండినపుడు ఎక్కడ తల దాచుకొనిరి అను విషయములు గ్రంథముల కెక్కుట అరుదు. తెలుగున ఈ లోపమును తీర్చుటకు పూనుకొన్న మహనీయుడు సురవరం ప్రతాపరెడ్డి. 1949లో వెలువడిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ సింహాసనములను విడిచి వంటయిండ్లలోనికిని, సంతలలోనికిని, ఆటపాటలలోనికిని పాఠకుని తీసికొనిపోయినది. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు ఇచ్చిన మొట్టమొదటి పురస్కారము ఆ గ్రంథమునకే లభించినది. ఆ బాటలోనే మరి నాలుగడుగులు వేసినచో పల్లెలోని యింటి పెరడు కనబడును. ఆ పెరటిలో, వేసవి నెలలలో, ఇంటి పెద్దవారు గడపిన జీవనము ఏ శాసనమునను చెక్కబడలేదు. గ్రామ గ్రంథాలయపు రజతోత్సవ సంచికలో నైనను దానికింత చోటు దొరకుట సముచితము.

హుస్నాబాదు ప్రాంతపు పల్లెలలో ఉగాది మొదలు మృగశిర కార్తె వరకు గల రెండు మాసములకు పైబడిన కాలము పొలము నిద్రించు కాలము. యాసంగి పంట యిల్లు చేరును. అరక మూలకు చేరును. వయసులో నున్నవారు పెండ్లిండ్లకును, తీర్థములకును, దూరపు పనులకును పోవుదురు. అట్టి సమయమున ఇల్లు ఎవరి చేతిలో నుండెడిదని విచారించినచో, తక్కిన కాలమంతయు అరుగుమీద కూర్చుండి దగ్గుచుండెడి వృద్ధులే ఆ దినములలో ఇంటికి ఏలికలని తెలియును. త్రాగునీరు మొదలు తొక్కు జాడీ వరకు సర్వము వారి యేలుబడిలోనిదే. వారి సుఖములు చిన్నవి. కాని ఆ చిన్న సుఖముల వెనుక ఒక అధికారమును, దాని ననుసరించి ఒక గౌరవమును ఉండెను. అది ఎట్లు కలిగెను, ఎట్లు సన్నగిల్లెను అనునది ఈ ప్రాంత చరిత్రలో చిన్న విషయము గాదు.

‘హుస్న్’ అనగా సొగసు. హుస్నాబాదు సొగసు చూడగోరువారు వానలు పడిన పిమ్మట రావలెను. మే నెలలో ఎండ నలువదిమూడు, నలువదినాలుగు డిగ్రీల కెక్కుట ఇక్కడ వింత గాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునను సామెత ఈ రాతినేల మీద పుట్టినదేమో యనిపించును. ఇది మెరక ప్రాంతము. గోదావరి దూరము. మోయతుమ్మెద వాగు వేసవి నాటికి ఇసుక చార మాత్రమే. 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ పోచంపాడు వద్ద శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు నుండి వచ్చిన కాకతీయ కాలువ కరీంనగరము సీమలో ఎన్నో ఊళ్ళను తడిపెను గాని హుస్నాబాదు మెరక నెక్కలేదు. కావున ఈ పల్లెల బ్రతుకు చెరువును, బావిని నమ్ముకొని నడచినది.

బావి అలవాటు ఈ సీమకు నిన్న మొన్నటిది గాదు. పెద్దపల్లి సమీపమున పెద్దబంకూరులో జరిగిన త్రవ్వకములలో శాతవాహనుల కాలపు బావులు పెక్కు బయల్పడినవి. కొన్ని ఇటుకతో కట్టినవి; కొన్ని కాల్చిన మట్టి వలయముల నొకదానిపై నొకటి పేర్చి దింపినవి. నివాసముల నడుమ బావి త్రవ్వుకొనుట సుమారు రెండువేల యేండ్ల నాటి పద్ధతియని దీనివలన తెలియుచున్నది. ఆ పిమ్మట కాకతీయులును, వారి సామంతులును చెరువులు కట్టించిరి. చెరువులో నీరు నిలిచిన యేడు దిగువనున్న ఇంటిబావులలో ఊట నిలుచును. చెరువెండిన యేడు వైశాఖమునకే బొక్కెన అడుగు తగులును. రాజు కట్టించిన చెరువునకును, ముసలమ్మ పెంచిన మల్లెపాదునకును గల బంధుత్వ మిదియే.

పాలనలో గీతలు మారినవి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినపుడు హుస్నాబాదు కరీంనగరము జిల్లా నుండి సిద్దిపేట జిల్లాకు మారినది. పొరుగున నున్న భీమదేవరపల్లి, ఎల్కతుర్తి మండలములు వరంగల్లు వైపునకు పోయినవి. సైదాపూరు, చిగురుమామిడి కరీంనగరముతోనే యుండిపోయినవి. ఎండ మాత్రము ఈ ఊళ్ళన్నింటి మీదను ఒక్క తీరుననే కాయుచున్నది.

పాత యింటిని గూర్చి కొంత చెప్పవలెను. మందమైన మట్టిగోడలు, పైన గూనపెంకులు, వంగి ప్రవేశింపవలసినంత తక్కువ యెత్తు దర్వాజా. కలిగినవారి యిండ్లలో నడుమ ఆకాశము కనబడు భవంతి యుండెడిది. మట్టిగోడ వేడిని త్వరగా లోనికి రానీయదు. పెంకుల సందులనుండి ఇంటిలోని వేడిగాలి పైకి పోవును. ఇంటి ముందర గుంజలు పాతి, తాటాకులును, నేరేడు మండలును పరచి చలువ పందిరి వేసెడివారు. పందిరి వేయు పని పడుచువారిదే యైనను, గుంజ ఎక్కడ పాతవలెను, ఏటవాలు ఎటు ఉంచవలెను అని చేతికర్రతో చూపునది తాత. మధ్యాహ్నము మూడు గంటల వేళ పడమటి ఎండ ఎంతవరకు లోనికి వచ్చునో, అరువది యేండ్లుగా ఆ అరుగుమీద కూర్చున్నవానికి గాక మరెవరికి తెలియును?

ఉగాదికి కుమ్మరి క్రొత్త కుండలు తెచ్చి యిచ్చును. ఈ ప్రాంతపు ఉగాది పచ్చడి ఆకులో వడ్డించుకొని నాలుకకు రాచుకొనునది గాదు. క్రొత్త కుండలో కలిపి లోటాలతో త్రాగునది. చింతపులుసు, బెల్లము, వేపపువ్వు, మామిడి తురుము కలిసిన ఆ పానకముతో వేసవి ఆరంభమగును. ఆ నాడే పెద్ద రంజను కూడ చోటు చేరును. నీడ గల మూల ఇసుక పోసి, దానిపై రంజను నిలిపి, ఇసుకను తడుపుచుందురు. మట్టి పాత్రకు కంటికి కనబడని రంధ్రములు వేలకొలది యుండును. వాని గుండ నీరు చెమటవలె పైకి వచ్చి ఆవిరి యగుచు, ఆ ఆవిరికి కావలసిన వేడిమిని లోపలి నీటినుండి తీసికొనును. అందుచేతనే గాలి వీచిన కొలది నీరు చల్లబడును. పాతబడిన రంజనులో రంధ్రములు పూడిపోవును గనుక నీరు చల్లబడదు. ఈ శాస్త్రము చదువని ముసలివారు కూడ వ్రేలితో రంజను వీపు తడిమి, ఇది ఇంకొక ఏడు పనికివచ్చును, ఇది రాదు అని తేల్చి చెప్పెడివారు.

పెరటికి నీరు పెట్టుటలో వారి పెత్తనము పరిపూర్ణముగా కనబడెడిది. వేసవి బావిలో నీరు కొలతకు లోబడినది. ఒక్క బొక్కెన నీరు రెండు మూడు పనులు చేయనిదే విడిచిపెట్టరాదు. బియ్యము కడిగిన నీరు కుడితి గోలెములో పడి పశువులకు పోవును. స్నానముచేసిన నీరు సన్నని కాలువ వెంట పెరటిలోనికి పోవును. గిన్నెలు కడిగిన నీరు అరటిపాదునకు. కాలువకు అడ్డముగా గుప్పెడు మట్టి వేసి, ఆ నీటిని ఈ నాడు బీరపాదునకు, రేపు నిమ్మమొక్కకు మరలించు పని తాతది. కోడండ్రు ఒక చెంబు ఎక్కువ పోసికొనినను, చిన్నపిల్లలు నీటిలో ఆడినను మందలించు హక్కు ఆయనకుండెను. ఏలయన ఆ నీరు ఎక్కడికి పోవలసియున్నదో ఆయనయే యెరుగును. దూరముగా నాటిన మొక్కకు అడుగున చిల్లి గల కుండను మొదట పాతి, దానిలో నీరు పోసి పైన పెంకు మూయుట మరియొక ఉపాయము. బొట్టు బొట్టుగా వేళ్ళకు దిగిన ఆ నీరు ఎండకు ఆవిరి కాదు.

వేసవిని తట్టుకొని నిలిచెడి మొక్కలు పెక్కులేవు. పందిరిమీద ఆనిగెపుతీగయు, బీరతీగయు, నీరు పారు చోట అరటి, బొప్పాయి, బావి ప్రక్కన కల్యామాకు చెట్టు, గోడవారగా మునగ, నిమ్మ, గోరింట, తులసికోట, మల్లెపాదు. చింతచిగురు ఊరిచెట్లది, దానికి పాదు లేదు, నీరు లేదు, యజమాని కోపము మాత్రమే కొన్నిచోట్ల నుండెడిది. వీనిలో బొప్పాయి ఈ దేశపు చెట్టు గాదు. జామ, సీతాఫలము, మిరప సైతము సముద్రము దాటి అమెరికా ఖండము నుండి వచ్చినవే. పోర్చుగీసువారు 1498లో ఈ దేశమునకు త్రోవ కనిపెట్టిన పిదప క్రమముగా పల్లెపల్లెకు ప్రాకినవి. కాకతీయుల వంటయింట మిరపకాయ లేదు. కారమునకు మిరియమే గతి. తెలంగాణము కారమునకు పుట్టినిల్లని గర్వించువారు ఈ సంగతి విని కొంచెము నొచ్చుకొందురు గాని, చరిత్ర ఏమి చేయగలదు?

వృద్ధాప్యమున మొక్కలు పెంచుట ఒక్క దేశమునకు చెందిన ముచ్చట గాదు. రోమను చక్రవర్తి డయోక్లీషియను 305లో సింహాసనము విడిచి, ఏడ్రియాటిక్ సముద్రతీరమున తన స్వస్థలమునకు పోయి కూరగాయలు పండించెను. మరల రాజ్యమేలుమని కోరవచ్చినవారితో, తన చేతులతో పెంచిన కూరలను చూచినచో మీరీ మాట అడుగకయుందురని బదులు చెప్పెనట. ఈ దేశపు ధర్మశాస్త్రములు మూడవ ఆశ్రమమున అడవికి పొమ్మని విధించినవి. హుస్నాబాదు ముసలిరైతు అంత దూరము పోలేదు. వదలుకొనుటకు ఆతనికి సింహాసనము లేదు, అరక యున్నది. అరక మేడితోక కొడుకు చేతికిచ్చిన నాడు ఆతడు పొలమునుండి పెరటిలోనికి వచ్చెను. పొలములో మాట చెల్లని యజమాని పెరటిలో మాట చెల్లు యజమాని యయ్యెను. ఇంటింటను జరిగిన ఈ రాజ్యపరిత్యాగమును ఎవరును వ్రాసియుంచలేదు.

ముదుసలి స్త్రీల అధికారము తొక్కు పెట్టు దినములలో చూడవలెను. మామిడికాయ తొక్కు పెట్టుట ఇంటిల్లిపాదికిని పండుగ వంటిది. కాయలు తెచ్చి, కడిగి, తడి లేకుండ తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టి, ఉప్పు, కారము, ఆవపొడి, మెంతిపొడి, ఎల్లిపాయలు, నూనె కలిపి జాడీ కెత్తి, వాసెన కట్టుదురు. మూడవనాడు వాసెన విప్పి కలియబెట్టి రుచి చూచుదురు. ఈ కొలతలు ఏ పుస్తకమునను లేవు. అవ్వ చేతి పిడికిలిలో నున్నవి. జాడీని మడిబట్టతో తప్ప తాకరాదనియు, బహిష్టు దినములలోని స్త్రీల నీడ దానిమీద పడరాదనియు నమ్మిక యుండెను. ఆ నమ్మిక యుక్తమైనదని నేడు ఎవరును చెప్పరు. కాని దాని ఫలితమొకటి గమనింపదగినది. నెలనెల కట్టుబాట్లు దాటిన వయస్సు గల స్త్రీకే జాడీల గదిపై ఎడతెగని హక్కు దక్కెను. వయస్సు వలన సౌందర్యము పోయినను అధికారము వచ్చుటకు అది ఒక దారి యయ్యెను. సంవత్సరము పొడవున ఎవరికెంత తొక్కు వేయవలెనో ఆమె చేయి నిర్ణయించెను.

చింతపండు కొట్టు పని ఫాల్గుణములో మొదలై ఎండలు ముదురు వరకు సాగెడిది. చెట్టు దులిపి తెచ్చిన కాయలను ఎండబోసి, పెంకు రాల్చి, ఈనెలు తీసి, చిన్న రోకలితో కొట్టి గింజలు వేరుచేయుదురు. నలుగురైదుగురు ముసలమ్మలు పందిరి క్రింద చేరినచో ఊరి వార్తలన్నియు ఆ గింజలతో పాటు విడివడి రాలెడివి. గింజలును వ్యర్థము గావు. కురుమలు నేసిన గొంగళ్ళకు బిగువు నిచ్చుటకు చింతగింజల గంజి పట్టించుట ఈ జిల్లాల పద్ధతి. మామిడి వరుగులు, వడియాలు, చల్లమిరపకాయలు మిద్దెపైనను, మంచములపైనను ఎండుచుండగా కాకులను తోలుటకు చేత కర్ర పట్టుకొని కూర్చుండుట మరియొక ఉద్యోగము. చూపు తగ్గినవారికి సైతము ఆ పని దక్కెడిది. కాకి రెక్కల చప్పుడు చెవితో వినవచ్చును గదా.

పురుషులలో వృద్ధులు నార పేనెడివారు. గోగునార, జనుపనార నీటిలో నానవేసి, చీల్చి, తొడమీద పెట్టి అరచేతితో మెలివేయుచు త్రాళ్ళు చేసెడివారు. పశువుల పలుపులు, మంచపు నులక, అన్నింటికంటె ముఖ్యముగా మోట త్రాళ్ళు, వేసవిలోనే సిద్ధము కావలెను. ముసలివాని త్రాటి బలము మీద పడుచువాని పంట ఆధారపడినదనుట అతిశయోక్తి గాదు. విత్తనముల కాపుదలయు వారిదే. తీగమీదనే ముదురనిచ్చిన బీరకాయ, ఎండిన ఆనిగెపుకాయ, చూరునుండి వ్రేలాడెడి మక్కకంకులు, పొయ్యి పొగ తగులు చోట కట్టిన జొన్నకంకులు, బూడిదలో కలిపి బుర్రలో పోసిన గింజలు. ఏ గింజ ఏ బుర్రలో నున్నదో ముసలమ్మ చీకటిలో సైతము చెప్పగలిగెడిది.

ఎండ తీవ్రమైన వేళ జొన్న అంబలియో, మక్కగటకయో, చల్లయో త్రాగి పందిరి క్రింద నులకమంచము వాల్చుకొనుట తాత సుఖములలో మేటి. గౌడు తెచ్చిన తాటిముంజలు, అడవినుండి వచ్చిన తునికిపండ్లు, పాలపండ్లు, ఈతపండ్లు పిల్లల పాలబడకముందు ఆయన చేతికి రావలెను. అంతకంటె గొప్ప సుఖము చదివించుకొని వినుట. నిజాము పాలనలో పాఠశాలల చదువు ఉర్దూలో సాగెను. తెలుగు అక్షరము ఇంటి అరుగుమీదను, పంతులు చెప్పిన పోతన భాగవతముతోను బ్రతికెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసిన పిదప గ్రంథాలయోద్యమము క్రమముగా పల్లెలకు వ్యాపించినది. 1926 మే 10న ‘గోలకొండ పత్రిక’ మొదలైనది. చదువురాని తాత పందిరి క్రింద పడుకొని, మనుమడు చదువగా పత్రికయో, పురాణమో వినుటలో ఇద్దరికిని లాభముండెను. ఒకనికి లోకము తెలిసెను; మరియొకనికి చదువు కుదిరెను. తప్పు చదివినచోట ఆపి దిద్దినవాడు అక్షరమెరుగని ఆ ముసలివాడే. భాగవతము ఆతనికి చెవిద్వారా కంఠస్థము.

ప్రొద్దు క్రుంకిన పిమ్మట వాకిలి చల్లి మంచములు బయట వేయుదురు. తడిసిన మట్టివాసన, అప్పుడే విచ్చిన మల్లెల వాసన కలిసివచ్చును. వేసవి రాత్రుల మొదటి జామున ఉత్తరపు దిక్కున సప్తర్షులు ఎత్తుగా కనబడుదురు. పల్లెవారి ఖగోళములో వారు ఋషులు గారు. నాలుగు చుక్కలు ముసలమ్మ మంచము. వెనుకనున్న మూడు చుక్కలు ఆ మంచపుకోళ్ళకై వచ్చిన దొంగలు. దొంగలు కాచుకొనియుందురు, ముసలమ్మ నిద్రపోదు, తెల్లవారిపోవును. ఈ కథను చెప్పునది కూడ మంచముమీది ముసలమ్మయే యగుటచేత పిల్లలు ఒకసారి ఆకాశమును, ఒకసారి అవ్వను చూచి నమ్మెడివారు.

ఇంతవరకు చెప్పిన చిత్రమును చూచి ముగ్ధులై ఆగిపోవుట న్యాయము గాదు. పెరడున్నవారికే పెరటి సుఖము. దళితవాడలలో ఇంటిబావి అరుదు. ఊరిబావిలో బొక్కెన వేయు హక్కు లేక, ఎవరైన దయతలచి పోయువరకు కుండ పట్టుకొని దూరముగ నిలువవలసినవారిలో ముసలివారును ఉండిరి. కూలిజనములో వృద్ధాప్యమనగా పని మానుట గాదు. బరువు పని విడిచి మేకలు కాచుట, తునికాకు కట్టలు కట్టుట వంటి పనికి మారుట. నిజాము కాలపు వెట్టిలో పెరడున్నవారి బ్రతుకును ఏమంత సుఖమైనది గాదు. అధికారులు ఊరిలో దిగిననాడు పాదునందలి కాయ, గంప క్రింది కోడి, కుండలోని నెయ్యి ఎవరివో చెప్పలేని స్థితి యుండెను. తన పట్టాలోని తాటిచెట్టును గీయుటకైనను ఆబ్కారీవారి అనుమతి కావలసియుండెను. వెట్టిని, రజాకార్లను ఎదిరించి పోరాడిన అనభేరి ప్రభాకరరావు తన సహచరులతో కూడ 1948 మార్చి 14న హుస్నాబాదు సమీపమున మహమ్మదాపురము గుట్టలలో అసువులు బాసెను. ఆ యేడు సెప్టెంబరు 17న నిజాము రాజ్యము ముగిసెను. 1949లో జాగీర్లు రద్దయ్యెను. పెరటి కాయ పెంచినవానికే దక్కుటకు ఈ ప్రాంతము ప్రాణములతో వెల చెల్లించినది.

విచిత్రమేమనగా, కాయ తనకు దక్కిన తరమునందే పెరడు చేజారుట మొదలయ్యెను. దానికి దుర్మార్గులెవరును కారణము గారు, సౌకర్యములే కారణము. 1956లో ములుకనూరున సహకార సంఘము వెలసి చుట్టుపట్ల రైతులకు సేద్యపు అప్పు దొరకుటకు తోడ్పడెను. కరెంటు వచ్చెను; బావులకు మోటారులు బిగించిరి. ఎద్దులకు విశ్రాంతి దొరికెను. మోట పోగానే మోట త్రాడునకు పని లేకపోయెను. త్రాటితో పాటు దానిని పేనిన ముసలివాని అవసరమును తగ్గెను. 1972 నాటి కరువులో బావు లెండెను. తరువాతి దశకములలో బోరుబావులు లోతుకు, మరింత లోతుకు పోయిన కొలది పై ఊటలు అడుగంటెను. పంచవలసిన నీరే లేనపుడు పంపకము చేయువానికి మాత్రము ఏమి పని యుండును? చేదబావులలో చెత్త పోసిరి. కొన్నింటిని పూడ్చి పైన గదులు కట్టిరి.

1970 తరువాత గల్ఫు దేశములకును, అంతకు ముందునుండియే బొంబాయి, భీవండీలకును పోయిన కొడుకులు పంపిన పైకముతో గూనపెంకుల చోట స్లాబు పడెను. వాకిలికి సిమెంటు పడెను. స్లాబు పగలు త్రాగిన వేడిని రాత్రియంతయు ఇంటిలోనికి క్రక్కును. సిమెంటు వాకిట నీరు చల్లినచో మట్టివాసన రాదు, ఆవిరి వచ్చును. ఐనను పెంకుటింటి మీద వలపోతలు కురిపించువారు, ఏటేట పెంకులు సర్దించుకొనుట, వానకు తడిసిన గోడలు, చూరులో తేళ్ళు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. స్లాబు కోరుకొన్నవారిలో ముసలివారును ఉండిరి. దానితోబాటు పోవుచున్నది తమ కొలువని వారికి తోచలేదు. తొక్కు దుకాణమున దొరకెను. విత్తనము సంచిలో దొరకెను. వార్తలు పెట్టెలోనుండి వినబడెను. ఇంటికి కావలివారుగా వృద్ధులు మిగిలిరి. కాని కావలికాయుటకును, ఏలుటకును చాల భేదము కలదు.

1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వము వృద్ధాప్య పింఛను పథకమును ప్రారంభించెను. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప 2014 నవంబరులో వచ్చిన ఆసరా పింఛను నెలకు వేయి రూపాయలు. 2019లో అది 2,016 రూపాయలాయెను. పెరడు ఇచ్చిన గౌరవమును పింఛను ఇచ్చినదా యని అడుగుట సులభము. చేతిలో చిల్లిగవ్వ లేని ముసలితనమును చూచినవారు ఆ ప్రశ్న వేయరు. పూర్వము పెరడు లేని వృద్ధునకు ఏమియు లేకుండెను. పింఛను అట్టివారికిని చేరినది. మనుమని చేతిలో పది రూపాయలు పెట్టగలుగుట సైతము ఒక పెత్తనమే.

2015లో చెరువుల పూడికతీతకు మిషన్ కాకతీయ మొదలయ్యెను. 2016లో మిషన్ భగీరథ ఆరంభమై ఇంటింటికి నల్లా నీరు వచ్చుటకు దారి యేర్పడెను. నల్లా వచ్చిన ఇండ్లలో గమనింపదగిన మార్పొకటి కనబడుచున్నది. నీరు వచ్చు వేళకు కాచుకొని కూర్చుండు తీరిక ఇంటిలో ముసలివారికే యున్నది. నల్లా విప్పువారు వారే, బిందెలు నింపించువారు వారే, చివరి ధారను వ్యర్థము పోనీయక రంగుడబ్బాలలో పెంచిన మొక్కలకు పట్టువారును వారే. మెట్ల ఇనుపకమ్మికి బీరతీగ ప్రాకుచున్నది. స్లాబుమీద పాత సిమెంటు సంచిలో కల్యామాకు మొక్క, పగిలిన బక్కెట్టులో మల్లెపాదు. ఇంటిలో కూలరు తిరుగుచున్నది. తడిసిన మెత్తలగుండ గాలి పోవుచు చల్లబడు ఆ యంత్రములోని సూత్రము రంజనులోని సూత్రమే. అందులోనికి నీరు పోయుట కూడ పలు ఇండ్లలో ముసలివారి పనియే.

జూన్ ఎనిమిదవ తేదీ ప్రాంతమున మృగశిర ప్రవేశించును. ఆ నాడు చేపల కూర వండుకొనుటయు, ఇంగువ బెల్లములో కలిపి మ్రింగుటయు ఈ ప్రాంతపు ఆచారము. మొదటి వాన పడిన పిదప పందిరి విప్పుదురు. ఎండిన తాటాకులు పొయ్యిలోనికి, నేరేడు మండలు పెంటకుప్పకు పోవును. గుంజలు మాత్రము పారవేయరు. చెదలు తగులకుండ కడిగి, తుడిచి, గోడవార నిలువుగా పెట్టించి, ఒక్కొక్కదానిని కర్రతో తట్టి చూచి, ఏది వచ్చే యేటికి పనికివచ్చునో తాత యేరి ప్రక్కన పెట్టించును. అవ్వ బూడిద దులిపి బీరగింజలు చేతిలో పోసికొని, తడిసిన గోడవారకు నడచును.